విప్పుట యను విద్య

టెక్సాసు రాష్ట్రమున డల్లాసునకు ఉత్తరముగా నున్న ప్లేనో పట్టణమున, మా మేనల్లుని యింటి గరాజులో, నాలుగు ఇనుప స్టాండ్లపై ఎత్తి నిలిపిన వెండివన్నె నిస్సాన్ 350జెడ్ కారు క్రింద వెల్లకిల పరుండి, మోచేతుల వరకు నల్లని జిడ్డు పులుముకొని, కనుబొమలపై రాలిన తుప్పును ఊదుకొనుచు, "మామయ్యా, ఆ టార్చి కొంచెం ఇటు పట్టండి" అని ఆ కుర్రవాడు అడిగిన క్షణము నుండి, మోటారుబండ్ల విషయమున ఎక్కుటయు దిగుటయు తప్ప మరొకటి ఎరుగని నేను ఆ కార్యమున సగము పాలివాడనైతిని.

అతడు తలపెట్టినది పైకి స్వల్పముగా కనుపించు పని. ఇంజను నుండి పొగ వెలువడు చోట కర్మాగారము వారు అమర్చిన పోత ఇనుప గొట్టములను ఊడదీసి, వాని స్థానమున విపణిలో విడిగా దొరకు సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టముల కూర్పును బిగింపవలెను. ఈ కూర్పునకు హెడరు అని పేరు. మన మోటారుసైకిలు మెకానిక్కులు సైలెన్సరుకు ముందుండు వంపు గొట్టమును బెండు పైపు అని పిలుచుట పాఠకులు వినియే యుందురు. అట్టి బెండు పైపులు మూడో నాలుగో ప్రక్కప్రక్కన పేర్చి చివర ఒక్క నోటికి చేర్చినది హెడరు అనుకొనిన చాలును.

ఇంజనులో పెట్రోలు మండి, పిస్టనును క్రిందికి త్రోసి, తన పని ముగించుకొనిన వాయువు సావకాశముగా గొట్టమున పడి పోవునని మనము తలంతుము. అట్లు కాదు. పొగ పోవు వాల్వు తెరచుకొనిన తక్షణమే, ఇంకను ఒత్తిడి చల్లారని ఆ వాయువు బిరడా ఊడిన సోడాబుడ్డి వలె బయటికి దూకును. నిమిషమునకు 6000 చుట్లు తిరుగుచున్న ఇంజనులో ఒక్కొక్క సిలిండరు సెకనుకు 50 మారులు ఇట్లు ఊపిరి విడుచును. రహదారిపై లారీ వడిగా పోయినప్పుడు దాని వెనుక గడ్డిపరకలు, కాగితపు ముక్కలు లేచి వెంటబడుట చూచినవారే కదా. అట్లే ప్రతి ఊపిరి వెనుకను ఒక వెలితి ఏర్పడును. గొట్టములు కలియు కూడలి నుండి ఆ వెలితి వెనుకకు మరలి, ఇంకను మూతపడని వాల్వు నొద్దకు సరియైన వేళకు చేరినచో, సిలిండరు మూలలలో మిగిలిపోయిన పొగను కూడ ఊడ్చుకొని పోవును. ఊడ్చిన మేరకు తాజా గాలి అధికముగా నిండును. గాలి నిండిన మేరకు బలము పెరుగును. హెడరు శాస్త్రమంతయు ఈ వేళను కుదుర్చుటలోనే యున్నది, గొట్టముల పొడవును, వ్యాసమును, అవి కలియు కోణమును లెక్కించుట అందుకొరకే. పోత ఇనుప గొట్టములలోనో దారులు పొట్టివి, ఒకదానికొకటి సమానము కానివి, మలుపులు మొండివి. కృష్ణా డెల్టాలో మూడు బోదెలు అడ్డదిడ్డముగా ఒక కాలువలో పడుచోట నీరు సుళ్లు తిరిగి ఎగదన్నునట్లు, ఒక సిలిండరు విడిచిన ఊపిరి పొరుగుదాని మొగమున కొట్టును.

అయితే కర్మాగారము వారికి ఈ మాత్రము తెలియదా యని అడుగవచ్చును. తెలియును. పోత ఇనుము చౌక, చప్పుడును మ్రింగును, బహుకాలము మన్నును. లక్షల మంది కొను వస్తువు చేయువాడు లక్షల మందికి సరిపడునదే చేయును గాని, మా మేనల్లుని కొరకు చేయడు.

ఈ కారును గూర్చి రెండు మాటలు. 1969లో జపానున ఫెయిర్‌లేడీ జెడ్ అను పేర వెలువడి, అమెరికాలో డాట్సన్ 240జెడ్ అని ప్రసిద్ధి గాంచిన వంశమునకు ఇది తరువాతి తరము; 2002లో విపణికి వచ్చినది. ఇందలి మూడున్నర లీటర్ల వీక్యూ ఇంజను మొదట 287 అశ్వశక్తులు గలదని ప్రకటింపబడెను. ఆ వీక్యూ కుటుంబము 1995 నుండి 2008 వరకు ఏటేట, వరుసగా పదునాలుగు మారులు, వార్డ్స్ పత్రిక వారి పది ఉత్తమ ఇంజనుల జాబితాలో స్థానము పొందినది. ఆరు సిలిండర్లు 'వి' ఆకారమున మూడేసి చొప్పున రెండు వరుసలుగా నుండును. కుడి వరుసది ఒకటి, ఎడమ వరుసది ఒకటి, ఇట్లు మార్చి మార్చి మండును. తత్ఫలితముగా ఒక్కొక్క వరుసను విడిగా చూచినచో, అది సరిగా 240 డిగ్రీలకు ఒక మారు ఊపిరి విడుచు మూడు సిలిండర్ల ఇంజనే యగును. మూడు గొట్టములను ఒక నోటికి చేర్చు హెడరు ఇంతకన్న చక్కగా అతుకు ఇంజను దొరకుట కష్టము. అమెరికనులకు ప్రీతిపాత్రమైన పెద్ద ఎనిమిది సిలిండర్ల ఇంజనులలో పెక్కింటికి ఈ సౌలభ్యము లేదు. వాని వరుసలలో ఊపిరులు ఎడము తప్పి పడును. ఆ తడబాటునే వారు సంగీతమని మురిసిపోవుదురు.

లాభమెంత యని నేను అడుగకపోలేదు. ప్రకటనలు పెద్ద అంకెలు చెప్పును. నిజమునకు ఇట్టి కారులో పదియో పదునైదో అశ్వశక్తులు పెరిగిన అదృష్టమే యనవలెను. అదియు ఇంజను కంప్యూటరులోని లెక్కలను క్రొత్త గొట్టములకు తగినట్లు సవరించుకొనినప్పుడు. నూటికి ఐదు పాళ్లు పెరిగిన బలమును పచ్చదీపము నొద్ద పాదము గుర్తింపజాలదు. చెవి మాత్రము మొదటి దినముననే గుర్తించును. "ఇంత శ్రమ అందుకేనా?" యంటిని. "నాకు ఆ ఇంజన్ లోపల ఏముందో చూడాలని ఉంది మామయ్యా, హెడర్ ఒక వంక" అని అతడు నవ్వెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము దక్షిణ కాలిఫోర్నియాలో పాత ఫోర్డు కార్లను కొని, ఎండిన సరస్సుల మీద పరుగెత్తించిన యువకులును బహుశః ఇదే సమాధానము చెప్పి యుందురు. వారి అభిరుచి నుండి పుట్టిన చిల్లర కార్ఖానాలు పెరిగి పెరిగి, 1963 నాటికి సేమా యను సంఘముగా ఏర్పడునంతటి పరిశ్రమయైనవి.

కొనుటకు ముందు చట్టమును గూర్చి తెలిసికొనవలెను. అమెరికాలో పొగను శుద్ధిచేయు పరికరములను తీసివేయుట, పనిచేయకుండ చేయుట కేంద్రచట్టము ప్రకారము నిషిద్ధము. ఇంటిలో తన కారుకు తానే చేసికొనినను నిషిద్ధమే. 350జెడ్‌లో ఆ పరికరములైన కాటలిటిక్ కన్వర్టర్లు హెడరుకు దిగువన వేరుగా నుండుటచే, వానిని కదల్పక పై గొట్టములను మాత్రమే మార్చుట సాధ్యమగుచున్నది. కన్వర్టరు హెడరులోనే ఇమిడియున్న కార్లలో ఈ వెసులుబాటు లేదు. కాలిఫోర్నియా వారు ఇంకను ఒక మెట్టు పైనున్నారు. అచ్చటి వాయువనరుల మండలి పరీక్షించి, మినహాయింపు ఉత్తరువు సంఖ్య నొసగిన హెడరునే అమర్చుకొనవలెను. తనిఖీ చేయువాడు బోనెట్టు ఎత్తి ఆ సంఖ్య కొరకు వెదకును. మన దేశమున మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, కర్మాగారమువారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది; హైదరాబాదు, విశాఖపట్నము పోలీసువారు గోల చేయు సైలెన్సర్లను నడివీధిలో పరచి రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యము పత్రికలు చూచువారికి క్రొత్త కాదు. ఆ రోలరును నేను తప్పుపట్టను. అర్ధరాత్రి వీధి మొగమున మోటారుసైకిలును పేల్చుకొనుచు పోవువానికిని, కన్వర్టర్లు కదల్పక గొట్టములు మార్చుకొనువానికిని గల భేదము రోలరుకు తెలియకపోవుట మాత్రము విచారకరము.

ఇక పని. శుక్రవారము రాత్రియే బండిని చల్లారనిచ్చి, బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పి, కనబడిన ప్రతి నట్టు మీదను తుప్పు వదల్చు నూనెను చిమ్మి విడిచెను. మా బాల్యమున సైకిలు షాపువాడు మొండికెత్తిన నట్టుపై కిరసనాయిలు పోసి, "రేపు రండి" యని పంపివేసెడివాడు. శాస్త్రము మారలేదు, డబ్బా మాత్రమే మారినది. శనివారము ఉదయము బండిని జాకీతో ఎత్తి స్టాండ్లపై నిలిపి, ఇరువైపుల చేయి వేసి గట్టిగా ఊపి చూచి, అటుపిమ్మట గాని క్రిందికి దూరలేదు. ఈ ఒక్క విషయమున నేను పాఠకులను బ్రతిమాలుచున్నాను: ఒంటి జాకీని నమ్మి ఎవ్వరును బండి క్రిందికి దూరవలదు. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు.

ఈ కారులో అసలు చిక్కు చోటు. ఇంజను వెనుకకు జరిగి గోడకు ఆనుకొని యున్నందున పైనుండి చేయి దూరదు; క్రిందినుండి దూరినను కన్ను దూరదు. ఎడమ ప్రక్కన స్టీరింగు చక్రము నుండి దిగివచ్చు ఇరుసు అడ్డము. దానిని కీలు నొద్ద విడదీయుటకు ముందు, మరల సరిగా అదే పంటిలో కూర్చుటకై, రెండు ముక్కల మీదుగా తెల్లని రంగుతో ఒక గీత గీసెను. చక్రము తనంతట తాను తిరుగకుండ సీటు బెల్టుతో కట్టివైచెను. చక్రము వెనుక గాలిసంచికి విద్యుత్తు తెచ్చు చుట్టతీగ యొకటి కలదట. ఇరుసు విడిచిన చక్రము ఇష్టము వచ్చినట్లు తిరిగినచో అది తెగును. రెండు గొట్టముల దారిలోను కన్వర్టరుకు ముందొకటి, తరువాత నొకటి అమరియున్న పొగసెన్సర్ల తీగలను విప్పి, వీలైన వానిని 22 మిల్లీమీటర్ల ప్రత్యేకపు సాకెట్టుతో ఊడదీసి, గుడ్డలో చుట్టి గూటిలో పెట్టెను. వేడిని ఆపు రేకుల బోల్టులు విరుగునవి విరిగెను, ఊడునవి ఊడెను. వానికై ఎవ్వరును విచారింపరు.

విచారింపవలసినవి ఇంజను తలకు హెడరును పట్టియుంచు స్టడ్లు, అనగా తలలో నాటిన మరచువ్వలు. తల అల్యూమినియముది; స్టడ్డు ఉక్కుది. ఇన్నేండ్ల వేడికి చలికి రెండును రెండు తీరుల సాగి కుంచించి, ఒండొంటిని పెనవేసికొని యుండును. దీనికి తోడు ఈ బండి మొదట మిచిగన్ రాష్ట్రమున తిరిగినది. అచ్చట శీతకాలమున మంచు కరగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. అమ్మిన వర్తకుడు ఈ బండి మంచు మొగము చూచి యెరుగదని నమ్మబలికెనట. స్టడ్లు వేరు సాక్ష్యము పలికెను.

నట్టు వదలుటకును స్టడ్డు విరుగుటకును గల భేదము నేను ఆ దినమున చెవితో తెలిసికొంటిని. వదలబోవు నట్టు మొండిగా నిలిచి, నిలిచి, హఠాత్తుగా టక్కుమని గట్టిగా మ్రోగును. ఆ మ్రోత వినినప్పుడెల్ల క్రిందినుండి ఒక నిట్టూర్పు వినవచ్చెడిది. ఎడమ వరుసలో మూడవ నట్టు మ్రోగలేదు. పానా మెత్తగా, మైనములో తిరిగినట్లు, చప్పుడు చేయక కదలెను. "అయిపోయింది" అనెను మా వాడు, ఇంకను విరుగకముందే. తిరుగుచున్నది నట్టు కాదు, లోపల స్టడ్డు మెలిపడుచున్నది. మరు నిమిషమున నట్టు, దానితో పాటు స్టడ్డు సగము, అతని అరచేతిలో పడినవి. విరిగిన చోటు చూపుమని అడిగితిని. అంచున ఎరుపు తిరిగిన పాత పగులు, నడుమ ఉప్పురవ్వవలె మెరయు క్రొత్త పగులు. ఎన్నడో సగము విరిగియే యున్నదన్న మాట.

మధ్యాహ్నమంతయు ఆ మిగిలిన ముక్కకే సమర్పితమయ్యెను. గోరంత మేర మాత్రమే బయటికి పొడుచుకొని యుండుటచే రెండు నట్లను ఎదురెదురుగా బిగించి త్రిప్పు ఉపాయము పనికిరాలేదు. నూనె చిమ్ముట, చుట్టునున్న అల్యూమినియమును చిన్న గ్యాసు మంటతో వేడిచేయుట, అంతసేపు నేను అగ్నిమాపక డబ్బా పట్టుకొని కాపలా కాయుట, పట్టుకారుతో పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనుకకు త్రిప్పుట. వేడికి అల్యూమినియము ఉక్కుకన్న రమారమి రెండింతలు వ్యాకోచించును. రంధ్రము ఆ మేరకు వదులగును. ఆశ యంతయు ఆ వెండ్రుకవాసి మీదనే. చీకటిపడు వరకు రాలేదు. బలము చేసినచో లోపల విరుగును, విరిగినచో తలనే విప్పవలసి వచ్చును. మా చెల్లెలు వచ్చి, "అన్నయ్యా, నువ్వైనా చెప్పు, అన్నానికి రమ్మని" అనెను. మరునాడు ఉదయము, రాత్రి చిమ్మిన నూనె ఎచ్చటికి దిగెనో గాని, రెండవ ప్రయత్నమునకే ఆ ముక్క, ఏమియు జరుగనట్లు, చేతికి వచ్చెను.

తరువాతి పని యంతయు చెప్పిన పది మాటలలో ముగియును. మరలను శుభ్రము చేసి క్రొత్త స్టడ్డు వేయుట. ప్యాకింగు ఆను ముఖమును అల్యూమినియము గీరుకొనకుండ ప్లాస్టికు గీటుపలకతో గోకుట. పాత ప్యాకింగును పారవేసి క్రొత్తది పెట్టుట. హెడరును క్రిందినుండి వంకర తిప్పి పైకి ఎక్కించుట. మా వాడు కొనినదాని ఫ్లాంజి, అనగా తలకు ఆను పలక, చిటికెన వ్రేలంత మందము. చౌకరకములలో అది పలుచనై, వేడికి వంగి, ప్యాకింగు నుండి పొగ కారును. హెడరు కొనువారు మెరుగును గాక ఈ పలకను చూడవలెను. నట్లన్నింటిని మొదట వ్రేళ్లతోనే పట్టించి, పిమ్మట నడుమ నుండి చివరలకు, మూడు విడతలుగా, టార్కు రెంచితో మాన్యువలు చెప్పిన కొలతకు బిగించెను. బిగించుటకు గంట పట్టెను. విప్పుటకు దినమున్నర పట్టెను.

సెన్సరు మరలకు అతుకుకొనకుండ కాపాడు లేపనమును వాని కొనకు తగులకుండ రాసి బిగించి, ఇరుసును తెల్లగీతకు గీత కలిపి చేర్చి, చక్రమును ఈ కొస నుండి ఆ కొసకు త్రిప్పి గొట్టమునకు ఇరుసు తగులుట లేదని టార్చి వెలుగున చూచిన పిదప, బండిని దింపి వాకిటిలోనికి త్రోసితిమి. గరాజు తలుపు తెరచియున్నను లోపల ఇంజను నడుపరాదు. కార్బను మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. మొదటిసారి ఇంజను పలికినప్పుడు బోనెట్టు సందుల నుండి తెల్లని పొగ లేచెను. నేను వెనుకంజ వేసితిని. "భయం లేదు మామయ్యా, తయారీలో పూసిన నూనె కాలుతోంది" అని అతడు ఒక రబ్బరు గొట్టపు కొస చెవిలో నుంచుకొని, వేరొక కొసను ప్యాకింగుల వెంబడి త్రిప్పుచు, గడియారపు చప్పుడు వంటి టిక్కుటిక్కు ఎచ్చటనైన వినబడునేమో యని వెదకెను. వినబడలేదు. ఇంతలో వెండివలె నున్న గొట్టములు తలకు దగ్గర గడ్డివన్నెకు తిరిగెను. ఆ సాయంకాలము ఒక అరగంట తిరిగి వచ్చి చూడగా వంకాయరంగు, దాని అంచున నెమలికంఠపు నీలము. స్టెయిన్‌లెస్ స్టీలు వేడికి పూయు ఈ రంగులను ఏ చిత్రకారుడును పూయలేదు, ఏ గుడ్డయు తుడువలేదు.

చప్పుడు మారెను. పూర్వము గొంతులో గుటకవేయుచు పలికిన ఇంజను ఇప్పుడు నోరు విప్పి పలికినట్లుండెను. వీధి చివరి ఇంటివారు తలుపు తీసి చూచునంతటిది మాత్రము కాదు, మధ్యనున్న సైలెన్సర్లు ఎక్కడివక్కడనే యున్నవి. బలము పెరిగినదా యని అడిగితిని. పెరిగినదని అతడనెను. కొలిచితివా యంటిని. లేదనెను.

ఇట్టి పనిలో కొన్ని మారులు వేడెక్కి చల్లారిన పిదప నట్లు సర్దుకొనును గనుక, ఇన్నూరు మైళ్లు తిరిగిన తరువాత, చల్లని ఇంజను మీద, మరల ఒక మారు బిగించి చూడవలెను. నేను తిరుగు ప్రయాణము కట్టుటకు రెండు దినముల ముందు అతడు అట్లే చూచెను. టార్చి నేనే పట్టితిని. కుడి వరుసలో ఏదియు కదలలేదు. ఎడమ వరుసలో మూడవది, క్రొత్త స్టడ్డు మీదిది, వీసమంత తిరిగి ఆగెను.